జన్యువులు మోసే నానోఫైబర్ వచ్చేదాకా ఆగాలా, రింగులు వేయించాలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 27 ఏళ్లు, ఆటోనగర్‌లో లేత్ మెకానిక్. నాలుగు నెలల క్రితం కాజ టోల్‌గేట్ దగ్గర బైకు ప్రమాదంలో కుడి మోకాలి కింది పెద్ద ఎముక, టిబియా, నుజ్జయింది. పాడైన ముక్కలు తీసేశాక 5 సెంటీమీటర్ల ఖాళీ మిగిలింది. పుండు నుంచి ఇంకా కొద్దిగా రసి కారుతోంది. డాక్టరుగారు ఇలిజరోవ్ రింగులు, అంటే కాలి చుట్టూ ఉండి తీగలతో ఎముకకు బిగించే లోహపు రింగులు, వేద్దామని, తొమ్మిది పది నెలలు పట్టొచ్చని అన్నారు. మీరేమో జన్యువులు మోసే నానోఫైబర్ స్కాఫోల్డ్‌తో ఎముక పెంచుతున్నారని చదివారు. అది విజయవాడలో చేస్తారా, ఏడాది ఆగితే వస్తుందా, వేరే ఊళ్లో ఒకరు ఆరు లక్షలకు చేస్తామంటున్నారు నమ్మొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను: ఆగకండి. రింగులు వేయించండి. జన్యువులు మోసే నానోఫైబర్ విజయవాడలో లేదు, గుంటూరులో లేదు. కాలి ఎముకలో ఖాళీకి ఆమోదం పొందిన చికిత్సగా మన దేశంలో ఎక్కడా లేదు. ఏడాదిలో వస్తుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. ఆరు లక్షల సంగతి కింద రాస్తాను. ఈలోపు అడ్వాన్సు మాత్రం కట్టకండి.

ఆ పరిశోధన మీద చిన్నచూపుతో ఈ మాట అనడం లేదు. నేను 26 ఏళ్లుగా గుంటూరులో ఎముకల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఎక్కువగా నా దగ్గరికి వచ్చేవి అతకని ఎముకలు, చీము పట్టిన ఎముకలు. మధ్యలో ఓ రెండేళ్లు దగ్గర్లోని ఒక కాలేజీ ల్యాబ్‌లో సాయంత్రాలు కూర్చుని ఇదే నానోఫైబర్ వడికాను. దాని గొప్పతనం తెలుసు, ఎక్కడ ఆగిపోతోందో కూడా నా చేతులకు తెలుసు.

ముందు అదేమిటో చూద్దాం. ఇంటికి స్లాబ్ వేసే ముందు సెంట్రింగ్ కడతారు కదా. కాంక్రీటు గట్టిపడేదాకా అది మోస్తుంది, తర్వాత ఊడదీస్తారు. స్కాఫోల్డ్ కూడా అలాంటిదే. ఎముక లేని చోట ఒక ఆధారం పెడితే ఒంట్లోని కణాలు దాన్ని పట్టుకుని పాకుతూ కొత్త ఎముక కడతాయి. దీన్ని ఊడదీసే పని ఉండదు, అదే మెల్లగా కరిగిపోతుంది. పీసీఎల్ అనే పాలిమర్‌తో, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో, చేస్తే పూర్తిగా కరగడానికి రెండు మూడేళ్లు పడుతుంది. నానోఫైబరే ఎందుకు అంటే, మన ఎముక కూడా లోపల పీచుతో అల్లినదే. అతి సన్నని కొల్లాజెన్ పీచులు, వాటిని అంటిపెట్టుకుని ఖనిజం. బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే అయినా, కణం పట్టు దొరకబుచ్చుకునేది ఆ పీచు మీదే.

ఈ పీచు తీసే పద్ధతిని ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు. కోటప్పకొండ తిరునాళ్లలో పీచు మిఠాయి మిషను చూసే ఉంటారు. అక్కడ పాకాన్ని గిర్రున తిప్పి పీచు తీస్తారు. ఇక్కడ తిప్పడం బదులు కరెంటు లాగుతుంది. పాలిమర్ ద్రావణాన్ని సిరంజిలో పోసి సూదికి 10 వేల నుంచి 30 వేల వోల్టుల దాకా ఇస్తారు. సూది మొనన ఉన్న చుక్క గరాటులా సాగి, దాని కొసనుంచి సన్నటి ధార బయల్దేరి, గాల్లోనే ఆరిపోయి ఎదురుగా ఉన్న రేకు మీద పీచుగా పడుతుంది. ఒక్కో పోగు మందం సుమారు వెంట్రుకలో నూరో వంతు, ఇంకా తక్కువ కూడా.

ఇక జన్యువు ఎందుకు? 1965లో మార్షల్ యూరిస్ట్ అనే అమెరికా ఎముకల డాక్టరు, ఖనిజం తీసేసిన ఎముక ముక్కను జంతువుల కండలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టడం చూశారు. ఎముకలో ఏదో ఒక ప్రొటీన్ 'ఇక్కడ ఎముక కట్టండి' అని కణాలకు చెబుతోందన్నమాట. దానికి బీఎంపీ అని పేరు పెట్టారు. 1988లో దాని జన్యువులు చేతికొచ్చాయి. 2002లో బీఎంపీ-2 ప్రొటీన్‌కు అమెరికాలో వెన్నెముక ఆపరేషన్లకు, 2004లో చర్మం చీల్చుకుని బయటపడ్డ టిబియా విరుగుళ్లకు అనుమతి వచ్చింది.

అయితే ప్రొటీన్‌ను నేరుగా పెట్టడంలో ఒక ఇబ్బంది ఉంది. పొలంలో ఎరువంతా ఒక్కరోజే చల్లి కాలువ నీళ్లు వదిలితే ఏమవుతుంది? సగం కొట్టుకుపోతుంది. బీఎంపీ కూడా పెట్టిన చోట ఎక్కువసేపు నిలవదు. అందుకని ఒంట్లో సహజంగా ఉండేదానికంటే ఎన్నో వేల రెట్లు ఎక్కువ, మిల్లీగ్రాముల్లో పెట్టాల్సి వస్తుంది. దానివల్ల వాపు, అక్కర్లేని చోట ఎముక పెరగడం లాంటివి వచ్చాయి. మెడ ఆపరేషన్లలో గొంతు వాచి ఊపిరి ఆడని కేసులు రావడంతో 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. అప్పుడే చాలామందికి తట్టింది: ప్రొటీన్‌ను మూటగట్టి పెట్టే బదులు, ప్రొటీన్ తయారుచేసే జన్యువును అక్కడి కణాలకే ఇస్తే? కణాలే వారాల తరబడి కొద్దికొద్దిగా తయారుచేసుకుంటాయి. 1990లలోనే మిషిగన్‌లో ఒక బృందం జన్యువును కొల్లాజెన్ స్పాంజిలో నింపి ముందు ఎలుకల్లో, తర్వాత కుక్కల్లో ఎముక పెంచింది. 2003లో అమెరికాలోనే ఇంకో బృందం డీఎన్ఏను నానోఫైబర్‌లో కలిపి వడికి, అది సుమారు 20 రోజుల పాటు మెల్లగా బయటికి రావడం చూపింది. మీరు చదివినదానికి మూలం ఇదే.

వినడానికి ఎంత బాగుందో చూడండి. నేనూ ఆ ఆశతోనే ల్యాబ్‌లో అడుగుపెట్టాను.

మొదట మాకు అడ్డుపడింది మన వాతావరణం. ఆగస్టులో గాల్లో తేమ ఎక్కువైతే పీచు నున్నగా రాదు, పూసలు గుచ్చినట్టు ఉండలు కడుతుంది. మే నెలలో ద్రావకం సూది మొన దగ్గరే ఎండిపోయి మూసుకుపోతుంది. ఏసీ, తేమ తీసే మిషను పెట్టాక గానీ పీచు దారికి రాలేదు. తర్వాత డీఎన్ఏ. అది నీళ్లలో కరుగుతుంది, పాలిమర్ నీళ్లలో కరగదు, క్లోరోఫాం లాంటివి కావాలి. రెండింటినీ కలపడమంటే నూనెనూ నీళ్లనూ కలపడమే. గట్టిగా చిలికితే డీఎన్ఏ పోగులు తెగిపోతాయి. సూదిలో సూది పెట్టి, లోపలి గొట్టంలో డీఎన్ఏ, బయటి గొట్టంలో పాలిమర్ పంపి చూశాం. అది కొంత నయం. అయినా మా పీచులోంచి జన్యువులో ఎక్కువ భాగం మొదటి రెండు రోజుల్లోనే బయటికొచ్చేసేది. వారాల తరబడి రావాలన్నది కదా అసలు ఉద్దేశం.

సరే, బయటికొచ్చింది. కణంలోకి వెళ్లాలి కదా. డీఎన్ఏ తనంతట తాను కణం పైపొర దాటలేదు. దాటించడానికి పీఈఐ లాంటి పాలిమర్‌తో చుడతారు. అది ఎక్కువైతే కణం చచ్చిపోతుంది, తక్కువైతే లోపలికి పోదు. పోయినా కణం మధ్యలో ఉన్న కేంద్రకం దాకా చేరాలి. చేరేవి కొన్నే. వైరస్‌తో పంపితే బాగా చేరుతుంది, కానీ వైరస్ అంటే వేరే భయాలు. 1999లో అమెరికాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల అబ్బాయి కాలేయ జబ్బుకు జన్యు చికిత్స ప్రయోగంలో వైరస్ వల్లనే చనిపోయాడు. ఎముకలో ఖాళీ ప్రాణం తీసే జబ్బు కాదు. దానికి ప్రాణం మీదికొచ్చే మందు వాడడానికి నాకు మనసు ఒప్పదు.

అన్నిటికంటే పెద్ద సమస్య ఇంకొకటి, దీని గురించి వార్తల్లో రాయరు. పీచు పొర మరీ పలుచన, మరీ బిగువు. గంటల తరబడి వడికినా రేకు మీద పడేది పూతరేకంత పొర. దాన్లో సందులు కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కణాలు పోస్తే చెరువు మీద ఆకుల్లా పైనే ఉండిపోతాయి, లోపలికి దిగవు. మైక్రోస్కోపులో అది మొదటిసారి చూసినప్పుడు మా విద్యార్థిని ముఖం వాడిపోయింది. ఆరు నెలల పని అది. సందులు పెంచడానికి ఇప్పుడు చాలా మార్గాలు కనిపెట్టారు. మధ్యలో కరిగిపోయే పీచు కలుపుతున్నారు, ఉబ్బించి మందం చేస్తున్నారు. అవి బాగున్నాయి. అయినా ఎలుక తొడ ఎముకలో పెట్టే ఖాళీ 5 మిల్లీమీటర్లు. మీ తమ్ముడిది 5 సెంటీమీటర్లు. పొడవు పదింతలే అనుకోకండి, మందం కూడా కలుపుకుంటే లెక్క వందల రెట్లు దాటుతుంది. కణం బతకాలంటే రక్తనాళం దానికి 100, 200 మైక్రాన్ల దూరంలోనే ఉండాలి. అంత పెద్ద ఖాళీ నడిమధ్యకు రక్తం చేరేలోపే అక్కడి కణాలు చచ్చిపోతాయి. జన్యువు ఎంత మంచిదైనా, చదివే కణం బతికుంటేనే కదా.

ఆశ లేదని కాదు. రష్యాలో రక్తనాళాలు పెంచే వీఈజీఎఫ్ జన్యువును ఎముక ఖనిజం లాంటి పదార్థంతో కలిపి, దవడ ఎముక లోపాలున్న కొద్దిమంది రోగుల్లో వాడారు. అది నానోఫైబర్ కాదు, దవడ కాలిలా ఒంటి బరువు మోయదు. 2022లో బీఎంపీ-2 ఎంఆర్ఎన్ఏతో, అంటే ఆ జన్యువు సందేశాన్ని మోసే నకలుతో, ఎలుకల తొడ ఎముకలో ఖాళీ నింపారు. ఎంఆర్ఎన్ఏ కేంద్రకం దాకా వెళ్లనక్కర్లేదు కాబట్టి నాకు దాని మీదే ఎక్కువ నమ్మకం. మన దేశంలోనూ తిరువనంతపురం శ్రీచిత్ర, కొచ్చి అమృత లాంటి చోట్ల ఎముక స్కాఫోల్డుల మీద మంచి పని జరుగుతోంది. నా తర్వాతి తరం డాక్టర్లు వీటిలో ఏదో ఒకటి వాడతారని గట్టిగా నమ్ముతున్నాను. మీ తమ్ముడి కాలు మాత్రం అంతదాకా ఆగలేదు.

ఆరు లక్షల సంగతి. మన దేశంలో జన్యు చికిత్స ప్రయోగాలకు 2019లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. మనుషుల మీద ప్రయోగం జరగాలంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి, సీటీఆర్ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ముందుగానే నమోదు కావాలి. ఆ సైటు ఎవరైనా చూడొచ్చు. వాళ్లకు ఫోన్ చేసి సీటీఆర్ఐ నంబరు అడగండి. ప్రయోగంలో ఇచ్చే మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. నంబరు లేకుండా లక్షలు అడుగుతున్నారంటే అది చికిత్సా కాదు, పరిశోధనా కాదు. 'స్టెమ్ సెల్స్ కూడా కలిపి ఇస్తాం' అన్నా ఇదే మాట.

నాలుగేళ్ల క్రితం పల్నాడు వైపు నుంచి ఒక పత్తి రైతు వచ్చారు. మీ తమ్ముడిలాంటి దెబ్బే, 4 సెంటీమీటర్ల ఖాళీ. ముందు కొన్నాళ్లు నాటు కట్టు, తర్వాత ఇలాంటి ఒక చోట కణాల ఇంజెక్షన్లు, మొత్తం పద్నాలుగు నెలలు. నా దగ్గరికి వచ్చేసరికి ఎముక చివరలు చెక్కిన పెన్సిల్‌లా సన్నబడ్డాయి. పాదం కిందికి వాలిపోయి మడమ నేలకు ఆనడం లేదు. పిక్క కండ సగం కరిగిపోయింది. మొదట్లో వచ్చుంటే రింగుతో సరిపోయే మనిషికి మూడు ఆపరేషన్లు అదనంగా చేయాల్సి వచ్చింది. ఆయన పొలం అమ్మిన సంగతి చెప్తూ నా గదిలో ఏడ్చారు. మీరు ఏడాది ఆగాలా అని అడిగినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.

ఇప్పుడు నేను మీకు అసలు చెప్పాలనుకున్న మాట. మీరు వెతుకుతున్న ఆ జన్యువు మీ తమ్ముడి కాలిలోనే ఉంది, రింగు దాన్ని నిద్రలేపుతుంది. సైబీరియాలోని కుర్గాన్‌లో గావ్రిల్ ఇలిజరోవ్ అనే డాక్టరు 1950లలో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఇందులో జన్యువుల సంగతి ఎవరికీ తెలియదు. ఎముకను ఒకచోట జాగ్రత్తగా కోసి, వారం ఆగి, రింగు మీది నట్లు తిప్పి రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున ముక్కను జరుపుతూ పోతే వెనక ఏర్పడే సందులో కొత్త ఎముక పుడుతుందని మాత్రం ఆయన చూశారు. తర్వాత జంతువుల్లో పరీక్షిస్తే, సాగుతున్నంత కాలం అక్కడి కణాల్లో బీఎంపీ-2, బీఎంపీ-4 జన్యువులు ఎక్కువగా పనిచేస్తున్నాయని తేలింది. రక్తనాళాలూ పెరుగుతున్నాయి. ల్యాబ్‌లో మేం సూదిలో సూది పెట్టి సాధించలేనిది: సరైన చోట, సరైన మోతాదులో, వారాల తరబడి. అక్కడ నట్టు తిప్పితే జరుగుతోంది.

ఇంకో దారి మాస్కెలె పద్ధతి. ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితే చుట్టూ ఒక పొర కడుతుంది. ఆ పొర కూడా వీఈజీఎఫ్, బీఎంపీ-2 ఊరిస్తుంది. తర్వాత దిమ్మ తీసి, తుంటి ఎముక నుంచి తెచ్చిన మూలుగ ఎముక నింపుతారు. 5 సెంటీమీటర్లకు ఇదీ పనికొస్తుంది. మీ డాక్టరు రింగు వైపు మొగ్గడానికి కారణం బహుశా ఆ రసి. మాస్కెలెలో రెండోసారి నింపే సమయానికి చీము పూర్తిగా పోయి ఉండాలి. రింగులో తీగలు పుండుకు దూరంగా వేసుకోవచ్చు. నేనే అయినా రింగే ఎంచుకుంటాను.

రెండిట్లో ఏదైనా ముందు చచ్చిన ఎముకంతా తీసేయాలి. ఎముక అంచు నుంచి ఎర్రటి చుక్కలుగా రక్తం కనబడేదాకా గీకుతాం. గుంటూరు కాబట్టి నా జూనియర్లకు 'మిరప్పొడి చల్లినట్టు కనబడాలి' అని చెప్తాను. అలా గీకాక 5 సెంటీమీటర్ల ఖాళీ 6 కావొచ్చు. అది పొరపాటు కాదు, కంగారు పడకండి.

రింగు సుఖమైనదని చెప్పను. తీగలు దిగిన చోట దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎర్రబడి రసి వస్తుంది. చాలావరకు శుభ్రం చేసి మందులు వాడితే తగ్గుతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టదు. జరిగిన ముక్క అవతలి ఎముకను తాకే చోట ఒక్కోసారి అతకదు, తుంటి ఎముక పెట్టాల్సి వస్తుంది. నా రోగుల్లో ఒక కుర్రాడికి ఇలాగే అయ్యి పది నెలలనుకున్నది పద్నాలుగైంది. చివరికి నడిచాడు. ఇంకొకరు మిర్చి యార్డులో హమాలీ, లారీ వెనక్కి వస్తూ కాలిమీద ఎక్కింది. 6 సెంటీమీటర్లు. పదకొండు నెలలు రింగుతో ఉన్నాడు. నట్లన్నీ అతని భార్యే తిప్పేది, గోడ మీద క్యాలెండరులో రోజుకు నాలుగు గీతలు పెట్టేది. ఇప్పుడు బస్తాలు మోయడు గానీ యార్డులోనే కాటా దగ్గర పనిచేస్తున్నాడు.

మీ తమ్ముడి లెక్క సుమారుగా ఇలా ఉంటుంది: వారం ఆగడం, 50 రోజులు జరపడం, మిగతా నెలలన్నీ కొత్త ఎముక గట్టిపడడానికి. రింగుతోనే కర్ర పట్టుకుని నడవమంటారు. బరువు మోపితేనే ఎముక గట్టిపడుతుంది కాబట్టి డాక్టరు చెప్పినప్పటి నుంచి భయపడకుండా నడవాలి. సిగరెట్, గుట్కా, ఖైనీ ఏది ఉన్నా ఈరోజే ఆపించండి. నికోటిన్ రక్తనాళాలను కుదించేస్తుంది. గుడ్లు, పప్పు, పాలు బాగా పెట్టండి. విటమిన్ డి, షుగర్ పరీక్షలు చేయించండి. ఖర్చు విషయంలో ఎన్టీఆర్ వైద్య సేవలో ఇది వస్తుందేమో నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆ పథకం చూసే సిబ్బందిని అడగండి.

డాక్టరుగారిని మూడు అడగండి: రసి కల్చర్ రిపోర్టులో ఏ క్రిమి వచ్చింది, ఎముక ఎక్కడ కోస్తారు, పాదం వాలిపోకుండా రింగులో పాదాన్ని కూడా కలుపుతారా. ఈ మూడింటికీ ఓపికగా జవాబు చెప్పే డాక్టరైతే ఇంకో ఊరు వెళ్లనక్కర్లేదు.

ఇంకొకటి. నట్టు ఒక చుట్టు తిరిగితే 1 మిల్లీమీటరు. అందుకే రోజుకు నాలుగుసార్లు పావు చుట్టు చొప్పున తిప్పమంటారు. వాడేది 10 నంబరు స్పానరు, మీ తమ్ముడికి కొత్తేమీ కాదు, తనే తిప్పుకోగలడు. కానీ నా దగ్గర ఒక కుటుంబం నాలుగు రోజులు పొరపాటున వెనక్కి తిప్పింది. అందుకని ఆసుపత్రి నుంచి ఇంటికి బయల్దేరే ముందే ప్రతి నట్టు పక్కన ఎటు తిప్పాలో ఎర్ర పెయింటుతో బాణం గుర్తు వేయించుకోండి.